తార్నాకలో సముద్రం ఎటువైపు

హైదరాబాదు వెళ్లొచ్చానని తెలిసిన దగ్గర్నుంచి మా వీధిలో ప్రతివాళ్లూ చార్మినారు ఎలా ఉందని అడుగుతున్నారు. నేను చూడలేదు. మ్యూజియంలో గంట కొట్టే గడియారం బొమ్మ ఉందట, అదీ చూడలేదు. దసరా సెలవులన్నీ అక్కడే గడిపి ఇవేవీ చూడకుండా వచ్చానంటే మా హెడ్మిస్ట్రెస్ నమ్మలేదు. నేను చూసింది తార్నాక, దాన్ని ఆనుకుని ఉన్న యూనివర్సిటీ, ఇంకాస్త అవతల రామంతాపూర్ చెరువు. అంతే. కానీ వాటిని నేను చూసినట్టు హైదరాబాదులో పుట్టి పెరిగినవాళ్లు కూడా చూసి ఉండరు. చార్మినారు ఎక్కడికీ పోదు, ఇంకోసారి చూస్తాను.

నా సంగతి కొంచెం చెప్పాలి. మాది కాకినాడ జగన్నాథపురం. మా నాన్న ఒకప్పుడు రేవులో బోయాల పడవకి టిండాలు, అంటే ఆ పడవ పనివాళ్లకి పెద్ద. ఓడలకి దారి తెలియడానికి నీళ్లమీద గొలుసేసి తేలగట్టే పెద్ద ఇనప పీపాల్ని బోయాలంటారు. వాటికి రంగులు వేయించడం, నాచు గీకించడం, దీపాలు సరిగా వెలుగుతున్నాయో లేదో చూడటం ఆయన పని. తల్లి లేని పిల్లనని నన్ను కూడా పడవలో కూర్చోబెట్టుకుని తిప్పేవాడు. అందుకని నాకు అక్షరాల కంటే ముందు బోయాలొచ్చాయి. ఇప్పుడు ఆడపిల్లల బళ్లో లెక్కలు చెబుతాను. నీళ్ల గురించి ఎవరైనా నాకు చెప్పబోతే కొంచెం నవ్వొస్తుంది.

తమ్ముడు సూర్యానికి మాత్రం చిన్నప్పట్నుంచీ నీళ్లంటే భయం. కర్నూలు రాజధానిగా ఉన్నప్పుడు అక్కడ ఉద్యోగంలో చేరి, అక్కడి పిల్లనే పెళ్లి చేసుకుని, రాజధానితోపాటు తనూ హైదరాబాదు కదిలి, చివరికి యూనివర్సిటీ ఆఫీసులో గుమాస్తాగా కుదురుకున్నాడు. అరవయ్యేడు దసరాకి ముందు నన్ను రమ్మని కబురు పెట్టాడు. వాళ్లకి తెలిసిన మల్లేశు అనే కుర్రాడు బియ్యే అయిపోయి, విద్యార్థుల పడవ దళంలో తిరుగుతున్నాడట. ఓడల మీద శిక్షణకి కుర్రాళ్లని ఎంచడానికి ఏటా విశాఖపట్నం నుంచి ఒక కెప్టెన్ వస్తాడట. పోయినేడు మల్లేశు అన్నీ బాగా చెప్పి బోయాల దగ్గర బోర్లా పడ్డాడు. వచ్చే ఏటికి వయసు దాటిపోతుంది. ఈసారి కూడా తప్పితే ఆపై సోమవారమే యూనివర్సిటీ ఆఫీసులో అటెండరుగా చేరతానని తల్లికి మాటిచ్చాడు.

ఆ అటెండరు పని చూసిపెట్టింది మా సూర్యమే. కుర్రాడికి బోయాలు నేర్పమని నన్ను పిలిచిందీ వాడే. మా వాడి పద్ధతే అంత, ఒక చేత్తో తలుపు వేసి ఇంకో చేత్తో తాళంచెవి అందిస్తాడు.

సికింద్రాబాదు

స్టేషను బయట రిక్షావాడు తార్నాకకి రూపాయిన్నర అన్నాడు. మా ఊళ్లో ఆ డబ్బుతో రెండుసార్లు రేవుకి వెళ్లి రావచ్చు. రూపాయి ఇస్తానన్నాను.

"గడ్డలున్నయమ్మా నడుమల," అన్నాడు. "మీ దిక్కు లెక్క సాపుగ ఉండది గీడ. ఎక్కుండ్రి, మీరే చూస్తరు."

ఎక్కాను, చూశాను. మెట్టుగూడ దగ్గర రోడ్డు పైకి లేచింది. వాడు దిగి రిక్షాని తోస్తుంటే నాకు కూర్చోబుద్ధి కాలేదు. నేనూ దిగి పెట్టె ఒక్కటీ రిక్షాలో ఉంచి పక్కన నడిచాను. ఎత్తు ఎక్కాక వాడు ఇరానీ హోటల్ ముందు ఆపి, కప్పులో సగం సాసర్లో పోసుకుని తాగి, నాకు కూడా ఒకటి తెచ్చాడు. అంత చిక్కటి టీ నేనెప్పుడూ తాగలేదు. పాయసానికి తమ్ముడిలా ఉంది. దిగాక రూపాయిన్నరా ఇచ్చేశాను. బేరం ఆడినందుకు నేనేం చిన్నబుచ్చుకోలేదు, నడిచినందుకు కాళ్లు మాత్రం రెండు రోజులు నొప్పి పెట్టాయి.

తార్నాక

తార్ అంటే తీగ, నాకా అంటే కాపలా చోటు అని సూర్యం చెప్పాడు. పూర్వం ఇక్కడ ఎవరివో తోటలకి ముళ్లతీగ కట్టి, కాపలా పెట్టారట. ఇప్పుడు తీగా లేదు, కాపలా లేదు. కొత్తగా కట్టిన డాబాలు, మధ్యలో ఏనుగుల్లాంటి బండరాళ్లు. ఇల్లు కట్టుకునేవాడు రాయిని కదపలేక దాన్నే ప్రహరీలో కలుపుకుంటాడు. మా వైపు పునాది తవ్వితే నీళ్లొస్తాయి, ఇక్కడ రాయొస్తుంది.

మరదలు భారతి చేతి వంట కోసమైనా ఆ ఊరు వెళ్లొచ్చు. మొదటి పొద్దున బొరుగులు నానబెట్టి ఉగ్గాని చేసి, పక్కన మిరపకాయ బజ్జీలు పెట్టింది. నేను కాకినాడ నుంచి తీసుకెళ్లిన కాజాలు చూసి, "ఇంత తీపి ఎట్ల తింటారు వదినా మీరు, పండ్లు పట్టుకోవా?" అంది. సాయంత్రానికి డబ్బా సగం ఖాళీ అయింది. ఎవరు తిన్నారని నేను అడగలేదు.

ఆ సాయంత్రమే మల్లేశు వచ్చాడు. నల్లగా, పొడుగ్గా, మోచేతుల దాకా మడిచిన తెల్లచొక్కాతో గుమ్మంలో నిలబడి నమస్కారం పెట్టాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. నేను నేరుగా విషయంలోకి దిగాను.

"ఎర్ర బోయా ఏ చేతివైపు ఉండాలి?"

"ఎడమ దిక్కు."

"నల్లది?"

"కుడి దిక్కు."

"ఎప్పుడూనా?"

"బుక్కుల గట్లనే ఉన్నది గదమ్మా."

"సముద్రం వైపు నుంచి రేవులోకి వచ్చేటప్పుడు అని పైన ఒక ముక్క ఉంటుంది. చదివావా?"

"చదివిన. ఇంగ్లీషుల ఉండె. గని ఆ ముక్క ఎందుకు పెట్టిండ్రో సమజ్ కాలే."

రోగం తెలిసింది. కుర్రాడు దాన్ని రోడ్డుమీద ఎడమ పక్కన నడవడం లాంటి నియమం అనుకుని బట్టీ పట్టాడు. పోయినేడు కెప్టెన్, "నీ ముందు ఎర్ర బోయా ఉంది, ఏ పక్కనుంచి పోతావు?" అని అడిగితే, ఆలోచించకుండా ఎడమకి ఉంచుకుంటానన్నాడు. లోపలికి వస్తున్నావా, బయటికి పోతున్నావా అనేదాన్ని బట్టి ఉంటుందని ఆయన ఒక్కముక్క చెప్పి తర్వాతి కుర్రాణ్ణి పిలిచాడు.

"ఒరే అబ్బాయ్, బోయా ఉన్నచోటే ఉంటుంది," అన్నాను. "తిరిగేది నువ్వు. ఇంటికొచ్చేటప్పుడు ఎడమచేతి వైపున్న చెట్టు, ఇంట్లోంచి వెళ్లేటప్పుడు కుడిచేతి వైపు ఉండదూ? ఇదీ అంతే."

తలూపాడు. ఆ తలూపడం బళ్లో నేను రోజూ చూసేదే, దానికి అర్థం ఏమీ ఎక్కలేదని. వీణ్ణి కూర్చోబెట్టి చెబితే లాభం లేదు, నడిపించాలి అనుకున్నాను. వెళ్లబోతుంటే అడిగాను, "ఇంతకీ ఓడలెందుకురా నీకు?"

"మా ఊర్ల బాయి ఎండితే పట్నం వచ్చినమమ్మా," అన్నాడు. "నీళ్లున్న కాడికి పోవాల్నని చిన్నప్పటి సంది ఉన్నది."

నల్లకుంట

మర్నాడు రంగుల కోసం నల్లకుంట బజారుకి వెళ్లాం. ఆ బజారులో కూరలమ్మే ఆవిడ వంకాయలు ఏరుకోనివ్వదు. చెయ్యి పెడితే, "ఒత్తకుండ్రి, అన్నీ మంచియే," అంటుంది. కొత్తిమీర మాత్రం అడగకుండానే సంచిలో పడేస్తుంది, ఉత్తినే. మా ఊళ్లో కరివేపాకు దగ్గర ఉండే మర్యాద ఇక్కడ కొత్తిమీరకి ఉంది. ఎర్రరంగు, నల్లరంగు చిన్న డబ్బాలు అడిగితే కొట్టాయన బొమ్మల కొలువుకా అన్నాడు. కాదు, రేవు కడుతున్నాం అన్నాను. ఆయన మల్లేశు వంక చూశాడు. మల్లేశు కొత్తిమీర వంక చూశాడు.

ఇక ఆకారాలు కావాలి. ఎర్ర బోయా పైన చదునుగా డబ్బాలా ఉంటుంది, నల్లది మొన తేలి ఉంటుంది. సందెచీకట్లో, పొగమంచులో రంగు తెలియకపోయినా ఆకారం తెలుస్తుందని అలా చేస్తారు. ఖాళీ డాల్డా డబ్బాకి ఎర్రరంగు వేశాను. మొన తేలినదానికి ఇల్లంతా వెతికి, భారతి కిరసనాయిలు పోసుకునే గరాటా బోర్లించి నల్లరంగు వేశాను.

"వదినా, దాంట్లోనే కదా నేను నూనె పోసేది," అంది భారతి, రంగు కారుతున్న గరాటాని చూసి.

"ఓడ మునిగితే మంచిదా, నూనె ఒలికితే మంచిదా చెప్పు."

"తార్నాకలో ఓడ యాడ మునుగుతుంది వదినా?" అంది. ఇలాంటప్పుడు నేను లెక్కల పంతులమ్మలా ముఖం పెట్టి అక్కణ్ణుంచి లేచిపోతాను.

ఆర్ట్స్ కాలేజీ రోడ్డు

తార్నాక చౌరస్తా నుంచి యూనివర్సిటీలోకి వెళ్లే రోడ్డు చివర ఆర్ట్స్ కాలేజీ ఉంది. దాని గురించి విన్నది తక్కువే అనిపించింది. గులాబీరంగు రాతితో కట్టిన ఆ భవనం మెట్ల దగ్గర నిలబడితే మనిషి చీమంత అవుతాడు. అయినా నేను కట్టడాలు చూడ్డానికి రాలేదు. చౌరస్తాని సముద్రం అనుకున్నాం, ఆర్ట్స్ కాలేజీని రేవు అనుకున్నాం. మధ్యలో చెట్లకింద ఖాళీగా ఉన్నచోట ఎర్ర డబ్బా ఒకటి, నల్ల గరాటా ఒకటి పెట్టాను. మల్లేశు ఓడ.

"సముద్రం నుంచి రా," అన్నాను. డబ్బాని ఎడమకి, గరాటాని కుడికి ఉంచుకుని వచ్చాడు. "ఇప్పుడు రేవులోంచి బయల్దేరు." తిరిగి వెళ్తూ మళ్లీ డబ్బాని ఎడమకే తెచ్చుకోవాలని దాని చుట్టూ తిరగబోయాడు. "ఆగు. అటు రాళ్లున్నాయి, మునిగావు," అన్నాను. నాలుగుసార్లు మునిగాడు. సెలవుల్లో ఊళ్లకి పోని హాస్టలు కుర్రాళ్లు గట్టుమీద కూర్చుని ఒక్కో మునకకీ చప్పట్లు కొట్టారు. చెవులు ఎర్రబడ్డా మల్లేశు నడక ఆపలేదు. ఈ కుర్రాడు నెగ్గుతాడని నాకు అప్పుడే అనిపించింది.

ఇంతలో లాఠీ పట్టుకుని వాచ్‌మన్ వచ్చాడు.

"ఏందమ్మా గిది? రోడ్డు పొంటి డబ్బాలేంది?"

"ఇది రేవు నాయనా. ఓడలొస్తాయి."

"ఓడలకు పర్మిషన్ ఉన్నదా?" అన్నాడు తడుముకోకుండా. ఆ జవాబుకి నాకు అతనంటే గౌరవం కలిగింది. కుర్రాడి సంగతంతా చెప్పాను. విని, లాఠీ చెట్టుకి ఆనించి, తనూ గట్టుమీద కూర్చున్నాడు.

రెండోరోజు నేను సముద్రాన్ని మార్చాను. ఆర్ట్స్ కాలేజీ సముద్రం, చౌరస్తా రేవు. డబ్బా, గరాటా వాటి జాగాలు మారాయి. మల్లేశుకి చిరాకొచ్చింది.

"నిన్న సముద్రం తార్నాక కాడ ఉండె గదమ్మా."

"ఇవాళ ఇక్కడుంది. ముందు సముద్రం ఎటుందో తెలుసుకోకుండా పడవెందుకు కదిపావు?"

"సముద్రానికి గూడ ట్రాన్స్‌ఫర్ అయితదా?" అన్నాడు వాచ్‌మన్.

ఆ రోజు కూడా రెండుసార్లు మునిగాడు. మూడోరోజు సముద్రం ఎటో నేను చెప్పలేదు. అతను చౌరస్తా దగ్గర చాలాసేపు నిలబడి, "ఇయ్యాల ఎటున్నదమ్మా?" అని కేకేశాడు. అడగాల్సింది అడిగాడు, ఇక చాలనిపించింది, ఆ పూటకి డబ్బాలు సర్దేశాను. సర్దుతుండగా సైకిలు మీద వచ్చిన ఒక లెక్చరరుగారు పుస్తకం చదువుకుంటూ గరాటా మీదినుంచి పోయారు. గరాటా నొక్కుకుపోయింది, ఆయన మాత్రం తలెత్తలేదు. ఇంటికెళ్లాక భారతి ఆ గరాటాని చూసి ఏమీ అనకుండా లోపల పెట్టింది. ఏమైనా అని ఉంటే బాగుండేది.

మేడమీద దీపాలు

బోయాల మీది దీపాలు ఊరికే వెలగవు, ఆరుతూ వెలుగుతూ ఉంటాయి. ఒక్కోదానికి ఒక్కో నడక. మా నాన్న చీకట్లో దూరంగా కనిపించిన మినుకు లెక్కపెట్టి, అది ఏ బోయానో పేరుపెట్టి పిలిచేవాడు. మర్నాటి సందెవేళ డాబా మీద రెండు లాంతర్లు పెట్టాను. ఒకదాని గాజుకి ఎర్ర కాగితం చుట్టాను, అది ఎర్ర బోయా. తెల్లదీపం నల్లదానికి. భారతి చాట అడ్డం పెట్టి తీస్తూ ఉంటే మల్లేశు పిట్టగోడ చివర్నుంచి లెక్క చెప్పాలి.

"ఎంత చూశావు?"

"రెండుమాట్ల వెలిగి ఆగింది."

"ఆగి ఎంతసేపుంది? చీకటిని కూడా లెక్కపెట్టాలి. వెలుగు ఒక్కటే లెక్కపెడితే పక్క దీపంతో కలిసిపోతుంది."

అది బాగా పట్టుకున్నాడు. కాసేపటికి భారతి చాట ఎప్పుడు తీస్తుందో ముందే చెప్పసాగాడు. వీధిలోంచి ఎవరో, సూర్యంగారింట్లో ఏం పూజ జరుగుతోందని అడిగారు. సూర్యం కిందనుంచే, "మా అక్కయ్యదిలెండి," అన్నాడు. అదే సమాధానం వాళ్లకి సరిపోయింది.

మాణికేశ్వర్ నగర్

పరీక్ష ముందురోజు మల్లేశు తల్లి నన్ను పిలిపించింది. యూనివర్సిటీ గోడ దాటితే మాణికేశ్వర్ నగర్. ఒకదాన్ని ఒకటి ఆనుకుని ఇళ్లు, సందులో ఇద్దరు ఎదురైతే ఒకరు పక్కకి తిరగాలి. మల్లేశు తల్లి పేరు ఎల్లమ్మ, హాస్టలు వంటశాలలో గిన్నెలు తోముతుంది. నేను వెళ్లేసరికి గడపలో కూర్చుని, మల్లేశు అందిస్తున్న తంగేడు పూలు, గునుగు పూలు వరసలుగా పేరుస్తోంది. అది బతుకమ్మ. దసరాకి మేం బొమ్మల కొలువు పెట్టి వచ్చినవాళ్లకి చూపిస్తాం. వీళ్లు పూలనే గోపురంలా పేర్చి, దాని చుట్టూ ఆడి, చివరికి నీళ్లకి ఇచ్చేస్తారు. అంత అందంగా చేసినదాన్ని ఇచ్చేయడం ఏమిటా అని నాకు మొదట మనసొప్పలేదు.

జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టింది. పచ్చిపులుసు చూసి, చారు కాయడం మరిచిపోయారేమో అనుకున్నాను. తిన్నాక రెండోసారి అడిగి పోయించుకున్నాను.

"నీళ్లు లేక ఊరిడిసినం పంతులమ్మా," అంది ఎల్లమ్మ. "గిప్పుడు వీడు నీళ్లల్లకే పోతనంటుండు. ఆఫీసుల పని అయితే కండ్ల ముంగట ఉంటడు. ఓడ పనాయె, యాడున్నడో ఎట్ల తెలుస్తది నాకు?"

భయం లేదని చెప్పొచ్చు. కానీ బోయాల పడవలో పెరిగినదాన్ని, ఆ మాట నా నోటికి రాలేదు. "భయం ఉంటుందమ్మా," అన్నాను. "అందుకే దారి పొడుగునా గుర్తులు పెడతారు. అవి నేర్చుకున్నవాడు తిరిగొస్తాడు. వీడు నేర్చుకున్నాడు."

ఆమె కొంచెంసేపు పూలు సర్దుకుంది. "రంగులన్ని నాకు ఎర్కగావు. ఒక్కటి చెప్పు. ఇంటికి మర్లేటప్పుడు ఎర్రది ఏ దిక్కుంటది?"

"ఎడమచేతి వైపు."

ఆమె ఎడమచెయ్యి ఎత్తి చూసుకుంది. చేతికి పసుపు ఉంది.

పొద్దు వాలాక ఆడవాళ్లందరితోపాటు దగ్గర్లోని కుంటకి వెళ్లాం. ఎల్లమ్మ తన బతుకమ్మని నీళ్లమీద వదిలింది. గాలి ఇటు కొడుతోందేమో, అది మళ్లీ ఒడ్డుకే వచ్చింది. మల్లేశు చూస్తున్నాడు. ఆమె మోకాలిలోతు నీళ్లలోకి దిగి, చేత్తో నీళ్లని తోసి, దాన్ని లోపలికి పంపింది. "పోనియ్యాలె," అంది. నాతో అన్నదో, తనలో తను అనుకున్నదో తెలియదు.

రామంతాపూర్ చెరువు

వానలు బాగా పడ్డ ఏడు, చెరువు నిండుగా ఉంది. దూరంగా ఎవరివో బతుకమ్మల పూలు చెదిరి తేలుతున్నాయి. తార్నాక వైపు ఒడ్డున పడవల షెడ్డు, అవతలి ఒడ్డున ఒక జెండా. మధ్యలో దళం కుర్రాళ్లు ఎర్ర పీపా ఒకటి, నల్లరంగు పూసి మొనదేలేలా చుట్టిన తడిక ఒకటి, కొంచెం ఎడంగా ఒకదాని వెనక ఒకటి తేలగట్టారు. నలుగురు తెడ్లు వేస్తారు, పరీక్షకి వచ్చినవాడు చుక్కాని పట్టి పడవని జెండా దాకా తీసుకెళ్లాలి. కెప్టెన్‌గారు పడవ మధ్యలో కూర్చుని చూస్తారు. జుట్టంతా తెల్లబడ్డ పొడుగాటి మనిషి, మాట్లాడితే పొదుపు. నేను, సూర్యం గట్టుమీద నిలబడ్డాం. సూర్యం నీళ్లకి వీపు పెట్టి నిలబడ్డాడు.

మొదట వెళ్లిన కుర్రాడు ఎర్రదాన్ని ఎడమకి, నల్లదాన్ని కుడికి ఉంచుకుని నీటుగా తీసుకెళ్లాడు. కెప్టెన్‌గారు తలూపారు. గట్టుమీద చప్పట్లు. తర్వాత మల్లేశు.

మల్లేశు ఎక్కి, చుక్కాని పట్టుకుని, కదలకుండా కూర్చున్నాడు. తెడ్లవాళ్లు వెనక్కి తిరిగి చూశారు.

"క్యారీ ఆన్," అన్నారు కెప్టెన్‌గారు.

"సార్, సముద్రం ఎటున్నదో చెప్పాలె."

గట్టుమీద నవ్వులు లేచాయి. "గిది చెరువురా, సముద్రమేంది," అని ఎవరో అరిచారు. సూర్యం చెరువు వైపు తిరిగి, "అయిపోయింది అక్కా," అన్నాడు. "సోమవారం చేరమని చెప్పేస్తాను." కుర్రాడు అడిగింది సరైనదని నాకు తెలుసు. కానీ పెద్దవాళ్లని తిరిగి ప్రశ్న వేస్తే ఏమవుతుందో కూడా బళ్లో ఇన్నేళ్లుగా చూస్తున్నాను.

"ఏమన్నావు?" అన్నారు కెప్టెన్‌గారు.

"ఈ షెడ్డు రేవు అయితే మనం బయటికి పోతున్నం సార్, ఎర్రది కుడి దిక్కు ఉండాలె. ఆ జెండా రేవు అయితే లోపలికి వస్తున్నం, ఎర్రది ఎడమ దిక్కు. మీరు ఎటంటే అటు తీస్కపోత. గని ఎటో తెల్వకుండ పడవ కదిపితే తప్పయితది."

కెప్టెన్‌గారు ఎర్ర పీపా వంక చూశారు, షెడ్డు వంక చూశారు. దళం నాయకుణ్ణి పిలిచి, "ఏ వైపు సముద్రం అనుకుని పెట్టావు వీటిని?" అని అడిగారు.

"అనుకోలేదు సార్," అన్నాడతను. "పుస్తకంలో బొమ్మ ఎట్లుంటే అట్ల పెట్టినం."

గట్టుమీద నవ్వు ఆగిపోయింది. ఆయన టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నారు. "నేను కూడా అడగలేదు," అన్నారు. ఆ మాట అనగలిగినందుకు ఆయనకి గట్టుమీంచే మనసులో దణ్ణం పెట్టాను. తర్వాత చెయ్యెత్తి అవతలి ఒడ్డు చూపించారు. "సముద్రం అటు. గుర్తులు అలాగే పెట్టారనుకో. పద."

మల్లేశు నా వైపు ఒక్కసారి చూశాడు. పడవ కదిలింది. రెండు గుర్తుల దగ్గరా అంతకుముందు వెళ్లినవాడికి అవతలి పక్కనుంచి, నల్లదాన్ని ఎడమకి వదిలి, ఎర్రదాన్ని కుడికి ఉంచుకుని, ఎక్కడా తడబడకుండా జెండా దగ్గరికి వెళ్లాడు. అక్కడ చెప్పకుండానే పడవ తిప్పి, ఎర్రదాన్ని ఎడమకి ఉంచుకుని వెనక్కి వచ్చాడు.

ఒడ్డున దిగాక కెప్టెన్‌గారు అతని భుజం మీద చెయ్యేసి అడిగారు. "సముద్రం చూశావా ఎప్పుడైనా?"

"లేదు సార్."

"మరి అది ఎటుందని అడగాలని ఎలా తోచింది?"

"చూడలే గదా సార్. అందుకే అడిగిన."

మొదటి కుర్రాణ్ణి కూడా మళ్లీ పిలిచి, సముద్రం ఎటో చెప్పి, ఇంకోసారి పంపారు. అతనూ సరిగ్గానే వచ్చాడు. ఇద్దర్నీ తీసుకుంటున్నామని సాయంత్రం చెప్పారు. ఆ వార్త ఎల్లమ్మకి చెప్పడానికి నేనే వెళ్లాను. ఆమె గిన్నెలు తోముతూ విని, చేతులు కడుక్కుని, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని గట్టిగా ఏడ్చింది. తర్వాత నాకు టీ పెట్టింది. ఇంట్లో భారతి నొక్కుకుపోయిన గరాటాని బయటికి తీసి, నల్లరంగుతోనే గోడకి తగిలించింది. అటెండరు పనికి ఇంకో మనిషిని వెతుక్కోవాలని సూర్యం సణిగాడు, సణుగుతూనే అందరికీ కాజాలు పంచాడు.

కాకినాడ

నేను తిరిగొచ్చిన కొద్దిరోజులకి మల్లేశు విశాఖపట్నం వెళ్తూ దారిలో సామర్లకోటలో దిగి మా ఇంటికొచ్చాడు. రేకుపెట్టె, కొత్త చెప్పులు. మొదటిసారి సముద్రం నువ్వే చూపించాలమ్మా అన్నాడు. మా నాన్న పడవని ఇప్పుడు నడుపుతున్నాయన నాకు తెలిసినవాడే, బోయాల దీపాలు చూసుకోవడానికి వెళ్తూ మమ్మల్ని ఎక్కించుకున్నాడు.

పడవ కాలవ నోరు దాటేదాకా మల్లేశు మాటలాడుతూనే ఉన్నాడు. తార్నాకలో అందరూ బాగున్నారట, వాచ్‌మన్ సముద్రానికి పర్మిషన్ వచ్చిందా అని అడుగుతున్నాడట. కాలవ దాటాం. ఎదురుగా అంతా నీళ్లే. మల్లేశు రెండు చేతులతో పడవ అంచు పట్టుకున్నాడు.

"ఇంత ఉంటదనుకోలే," అన్నాడు.

ఎర్ర బోయా దగ్గరికి వచ్చింది. ఒకప్పుడు మా నాన్న దగ్గరుండి రంగు వేయించినది. మేం బయటికి పోతున్నాం కాబట్టి అది మాకు కుడివైపు దాటింది. అల తగిలి గొలుసు చప్పుడు చేసింది.

"మా అమ్మ ఎటు దిక్కున్నదమ్మా?" అని అడిగాడు.

పడమటి వైపు చెయ్యి చూపించాను. అతను సముద్రానికి వీపు పెట్టి, అటు తిరిగి నిలబడ్డాడు. కొంచెంసేపటికి ఎడమచెయ్యి ఎత్తి చూసుకున్నాడు. ఎర్ర బోయా ఆ చేతివైపే ఉంది.